ఉద్యోగంలో చేరే ముందు: పదో తరగతి మెమోయే కొలబద్ద

ప్రశ్న: మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఒక లంక గ్రామం. మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసింది. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ ఆఫర్ లెటర్ పంపింది, మూడు వారాల్లో చేరాలి. అమ్మాయి పేరు మెమోలో ఒకలా, ఆధార్‌లో మరోలా, పాన్ కార్డులో ఇంకోలా ఉంది. చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి ఇమ్మంటున్నారు. ముందుగా ఏది సరిచేయించాలి? ఒరిజినల్స్ ఇవ్వవచ్చా?

జవాబు: మీ అమ్మాయికి అభినందనలు. పేరు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే కాలం పట్టేది దానికే.

మన గోదావరి జిల్లాల పిల్లల పేర్లు పొడవైనవి. ఇంటిపేరు తర్వాత నాగ, వెంకట, సత్య అని వరుసగా వచ్చి, చివర లక్ష్మితోనో దుర్గతోనో ముగుస్తాయి. బడిలో చేర్చిన రోజున ఇంటిపేరును పొడి అక్షరంగా రాస్తారు, ఆధార్ కేంద్రంలో దాన్ని పూర్తిగా కొడతారు, పాన్ దరఖాస్తులో అదే ఇంటిపేరు చివరికి వెళ్తుంది. కాబట్టి ఈ రాత్రే మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పరిచి, మీరు మెమోలోని పేరును ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరంగా పైకి చదవండి, అమ్మాయిని మిగిలిన వాటిలో సరిచూడమనండి. మెమోలో లక్ష్మికి కె, ఎస్, హెచ్ ఉంటే ఆధార్‌లో ఎక్స్ ఉండవచ్చు. వెంకటకూ సత్యకూ మధ్య ఒకచోట ఖాళీ ఉండి, మరోచోట రెండూ కలిసిపోయి ఉండవచ్చు. మన కంటికి ఆనని ఈ తేడాల దగ్గరే కంపెనీ వారి వెరిఫికేషన్ ఆగిపోతుంది.

తేడాలు తేలాక, పదో తరగతి మెమోను కదిలించకుండా మిగిలినవన్నీ దానికి సరిపోయేలా మార్పించుకోవాలని నా గట్టి సలహా. మెమోలోనే తప్పు ఉంటే ప్రధానోపాధ్యాయుని ద్వారా బోర్డుకు వెళ్లవలసి వస్తుంది, అది మూడు వారాల్లో తేలే పని కాదు. పైగా పుట్టిన తేదీకి బలమైన రుజువు మెమోయే. ఉద్యోగుల పీఎఫ్ (భవిష్య నిధి) చూసే సంస్థ ఈపీఎఫ్‌ఓ కూడా 2024 జనవరిలో పుట్టిన తేదీ రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తొలగించింది.

మార్పులు చేయించే క్రమం ముఖ్యం. ముందు ఆధార్, దాని ఆధారంగా పాన్, ఆ రెండింటితో బ్యాంకు ఖాతా. ఈ వరుస తప్పితే ఒకే పనికి రెండుసార్లు తిరగాలి. ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీని సాధారణంగా ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు కనుక, రసీదు చేతికి రాగానే కౌంటరు వదలకుండా అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదవమనండి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు ఇప్పుడు వాడుకలో ఉన్నదో కాదో కూడా అదే రోజు చూసుకోవాలి. ఆ నంబరుకు వచ్చే ఓటీపీ లేకపోతే పాన్ పనీ, పీఎఫ్ పనీ ముందుకు సాగవు. చేరే తేదీకి మార్పు పూర్తికాదనిపిస్తే, ఈ వేర్వేరు పేర్లన్నీ ఒకే వ్యక్తివని స్టాంపు పేపరుపై నోటరీ ముందు అఫిడవిట్ చేయించి, ఆధార్ రసీదుతో కలిపి కంపెనీ హెచ్‌ఆర్ వారికి ముందుగానే ఈమెయిల్ పంపాలి. ముందుగా చెప్పిన వారికి సాధారణంగా గడువు ఇస్తారు.

ఆధార్‌లో జిల్లా పేరు ఇంకా తూర్పు గోదావరి అనే ఉంటే కంగారు పడవద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో కోనసీమ వేరు జిల్లా అయింది. పాత చిరునామా ఉన్నంత మాత్రాన కార్డు చెల్లకుండా పోదు.

బ్యాంకు ఖాతా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మన ప్రాంతంలో చాలా కుటుంబాల ఖాతాలు ఆంధ్రా బ్యాంకులో ఉండేవి. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. మీ పాస్‌బుక్ ఆ నాటిదైతే దానిపై ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌తో (బ్యాంకు శాఖను గుర్తించే కోడ్) జీతం జమ కాదు, కనుక కొత్త పాస్‌బుక్ తీసుకోండి. అమ్మాయి మైనరుగా ఉన్నప్పుడు మీ సంరక్షణలో తెరిచిన ఖాతా అయితే, ఆమె స్వయంగా వెళ్లి మేజరు ఖాతాగా మార్పించుకోవాలి.

చదువు కాగితాలలో పదో తరగతి, ఇంటర్ మెమోలు, డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, కాలేజీ నుంచి టీసీ ఉంటే చాలు. ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పత్రాల భాండాగారమైన డిజిలాకర్‌లో జారీ అయిన పత్రాలకు చట్టప్రకారం ఒరిజినల్స్‌తో సమానమైన విలువ ఉంది కనుక, దొరికినవన్నీ అందులోకి తెచ్చుకోమనండి.

ఇక మీ రెండో ప్రశ్న. ఒరిజినల్స్ చూపించాలి, సరిపోల్చుకున్నాక వెంటనే వెనక్కి తీసుకోవాలి, వదిలి రాకూడదు. చాలాచోట్ల 'తెచ్చి ఇవ్వండి' అనే మాటకు 'చూపించండి' అనే అర్థం ఉంటుంది. అందుకని పరిశీలన తర్వాత అదే రోజు తిరిగి ఇస్తారా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు ఒక సంస్థలో ఒరిజినల్స్ వదిలేసి వచ్చాడు. ఉద్యోగం మానేశాక అవి తిరిగి చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది, ఈలోగా పీజీ ప్రవేశం చేజారింది. ఆ అబ్బాయి తల్లి మా బల్ల ముందు కూర్చొని కన్నీళ్లు పెట్టుకోవడం నేను మరచిపోలేదు. కాగితాల పరిశీలనకనో, శిక్షణకనో డబ్బు కట్టమంటే మాత్రం ఒక్క రూపాయి కూడా పంపవద్దు, ఆ ఆఫర్ నిజమైనదేనా అని ముందు విచారించండి.

చేరిన రోజున పీఎఫ్ డిక్లరేషన్, నామినీ పత్రాలు నింపిస్తారు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, ఆ సంస్థకు ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకమైన ఈఎస్ఐ వర్తిస్తే, ఆమెపై ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం అందుతుంది. కాబట్టి మీ ఇద్దరి ఆధార్ నకళ్లు, ఫొటోలు ఆమె ఫైలులో పెట్టండి.

మీది లంక గ్రామం కనుక మరొక్క మాట. వరద భయంతో సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించకండి. రేపు విదేశీ ఉద్యోగానికి సర్టిఫికెట్లపై అధికారిక ధ్రువీకరణ (అటెస్టేషన్) కావాలంటే లామినేషన్ మీద ముద్ర వేయరు. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లలో విడివిడిగా ఉంచి, జెరాక్సు సెట్ ఒకటి వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో దాచండి. ఆధార్ కేంద్రానికి రేపు ఉదయమే అమ్మాయిని తీసుకొని బయలుదేరండి, ఒరిజినల్ మెమో వెంట ఉండాలి.