వాంగ్మూలం, సాక్ష్యం ఒకటేనా?

సందేహం: కాలేజీలో మాక్ ట్రయల్ కోసం క్రాస్ ఎగ్జామినేషన్ ప్రశ్నలు తెలుగులో రాసుకున్నాను. "పోలీసుల ముందు మీరిచ్చిన సాక్ష్యంలో ఈ మాట లేదు కదా?" అన్న ప్రశ్నలో 'సాక్ష్యం' కొట్టేసి 'వాంగ్మూలం' రాయమన్నారు మా సీనియర్. రెండూ ఒకటి కావా? అది వాగ్మూలమా, వాంగ్మూలమా? – ఒక లా విద్యార్థిని

సమాధానం: మీ సీనియర్ సరిగానే దిద్దారు. సాక్ష్యం కోర్టులో చెప్పేది. జడ్జి ముందు, ప్రమాణం చేసి, అవతలి లాయరు క్రాస్ చేయడానికి వీలిచ్చి చెప్పేది. పోలీసులు దర్యాప్తులో రాసుకునేది వాంగ్మూలం. దాని మీద సాక్షి సంతకం కూడా ఉండకూడదు. పాత నేర విచారణ స్మృతిలో 161, 162 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో 180, 181 సెక్షన్లు దీని గురించే. ఆ కాగితం ముఖ్యంగా పనికొచ్చేది ఒక్కందుకే: అప్పుడలా చెప్పి ఇప్పుడిలా అంటున్నావేమని సాక్షిని నిలదీయడానికి. మీ ప్రశ్న చేస్తున్న పని కూడా అదే. రెంటినీ సాక్ష్యమనేస్తే ఏది దేనికి విరుద్ధమో తెలియకుండా పోతుంది, ప్రశ్నకున్న పదునూ పోతుంది.

మన వాడుక ఈ తేడాను క్రియల్లో దాచుకుంది. సాక్ష్యం చెబుతారు, వాంగ్మూలం ఇస్తారు. సాక్ష్యం ఇవ్వడమూ ఉంది గానీ, 'వాంగ్మూలం చెప్పాడు' అంటే చెవికి అతకదు. మరణ వాంగ్మూలం సంగతి వేరు. చెప్పిన మనిషి కోర్టుకు రాలేడు కాబట్టి దాన్నే సాక్ష్యంగా తీసుకుంటారు. పేరు మాత్రం మారలేదు.

ఇక రూపం. వాక్ + మూలం కలిస్తే వాగ్మూలం, వాఙ్మూలం రెండూ సరైన రూపాలే; పాణిని ఇక్కడ అనునాసికాన్ని (ముక్కుతో పలికే ఙ లాంటి అక్షరాన్ని) వికల్పంగానే, అంటే వచ్చినా రాకపోయినా సరేనని చెప్పాడు. వాఙ్మయంలో అది నిత్యం, అంటే తప్పనిసరి, అందుకే 'వాగ్మయం' అనం. ఙ అక్షరం ముద్రణలోంచి తప్పుకున్నాక దాని చోట 'ంగ్' వచ్చింది. కోర్టుల్లో, పేపర్లలో స్థిరపడింది వాంగ్మూలమే. అదే రాయండి.

'సాక్షి' సాక్షాత్ శబ్దం నుంచి వచ్చింది, స్వయంగా చూసినవాడని అర్థం. ఆ లెక్కన 'ప్రత్యక్ష సాక్షి' పునరుక్తి. అయినా నేను తప్పు పట్టను. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరూ, దర్యాప్తు అధికారీ నేరాన్ని చూడకపోయినా సాక్షులే కదా! 'సాక్ష్యులు' అని రాసేవారిని మాత్రం ఒప్పుకోలేను. మనుషులు సాక్షులు, వాళ్లు చెప్పేవి సాక్ష్యాలు.

మీ పక్షం సాక్షే వాంగ్మూలాన్ని కాదంటే 'ప్రతికూల సాక్షి' అని రాయాలా అని కూడా అడిగారు. చట్టంలో 'హాస్టైల్' (ప్రతికూల) అన్న మాటే లేదు. సొంత సాక్షిని క్రాస్‌లో అడిగే తరహా ప్రశ్నలు అడగడానికి కోర్టు అనుమతి ఇవ్వవచ్చని మాత్రమే ఉంది. జనం అనే 'అడ్డం తిరిగాడు' చక్కటి తెలుగు, వాడుకోండి. కానీ అడ్డం తిరిగినంత మాత్రాన అతను చెప్పిందంతా కొట్టుకుపోదు. నమ్మదగ్గ భాగం ఉంటే కోర్టు తీసుకుంటుంది.