ఫిలిపినో భాషలో డిగ్రీ: ఫీజు సరే, ఆ తర్వాత?

ప్రశ్న: మేం తొమ్మిదేళ్లుగా మనీలాలో ఉంటున్నాం. మావారిది మకాటిలో ఐటీ ఉద్యోగం. మా అమ్మాయికి 18 ఏళ్లు, సీనియర్ హైస్కూల్ ఇక్కడే పూర్తి చేసింది. స్కూల్ పత్రికకు ఫిలిపినోలో రాసేది. ఇప్పుడు అదే భాషలో బీఏ చేస్తానంటోంది. ఆయన మాత్రం నర్సింగ్ అంటున్నారు. ఒక ప్రైవేటు యూనివర్సిటీ సెమిస్టరుకు 60 వేల పెసోలు అవుతుందని చెప్పింది. ఇండియాలో మాకు 24 లక్షల ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయులు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) డిపాజిట్లు, భీమవరంలో ఒక స్థలం ఉన్నాయి. స్థలం అమ్మి ఈ చదువు మీద పెట్టొచ్చా?

జవాబు: స్థలం అమ్మకండమ్మా, ఈ చదువుకు ఆ అవసరం లేదు. పెసోకు రూపాయిన్నర చొప్పున వేసుకున్నా, ఎనిమిది సెమిస్టర్ల ఫీజు 7 లక్షల 20 వేలు. ఏటా కాస్త పెంచుతారనుకుంటే 8 లక్షలు. అమ్మాయి ఇంట్లోనే ఉండి చదువుతుంది కాబట్టి హాస్టల్ ఖర్చు లేదు. ఇదంతా మీవారి జీతంలోంచే కట్టండి. పెసోల్లో వచ్చే జీతం ఉండగా రూపాయల డిపాజిట్ విరిచి మార్చుకుంటే కమిషన్ రూపంలో పోయేదే ఎక్కువ.

మనీలాలోని ప్రభుత్వ యూనివర్సిటీ, యూపీ (యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్) డిలిమన్‌లో చేరితే ఫీజే ఉండదని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేనిది ఫిలిప్పీన్స్ పౌరులకే. భారత పాస్‌పోర్టు ఉన్న అమ్మాయికి అది వర్తించదు. ఫిలిపినో భాషా సాహిత్యాలకు యూపీలో పేరున్న విభాగం ఉంది, సీటు వస్తే వదులుకోవద్దు. అయితే విదేశీ విద్యార్థుల ఫీజు ఎంతో రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే లెక్క వేసుకోండి.

నా బెంగంతా డిగ్రీ చేతికొచ్చాక ఏంటన్నదే. ఈ చదువు చదివినవాళ్లు అక్కడ ఎక్కువగా వెళ్లేది టీచర్ ఉద్యోగానికి. దానికి లైసెన్సు పరీక్ష రాయాలి. తమ పౌరులకు అదే అవకాశం ఇచ్చే దేశాలవాళ్లకు తప్ప విదేశీయులకు ఆ పరీక్ష లేదు. కాలేజీల్లో చెబుదామంటే, ఫిలిపినోను కాలేజీ తప్పనిసరి సబ్జెక్టుల్లోంచి తప్పిస్తూ ఉన్నత విద్యా కమిషన్ 2013లో ఉత్తర్వు ఇచ్చింది. భాషాభిమానులు, అధ్యాపకులు ఏళ్ల తరబడి పోరాడినా 2018లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే సమర్థించింది. రాజ్యాంగం జాతీయ భాష అని గుర్తించిన భాషకు ఇలా జరగడం నాకు బాధగానే ఉంటుంది. కానీ మీ ఇంటి బడ్జెట్‌లో దీన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఇంకా పెద్ద చిక్కు వర్క్ పర్మిట్ దగ్గర. విదేశీయులను పెట్టుకోవాలంటే, ఆ పనికి తగిన స్థానికులు దొరకలేదని కంపెనీ చూపించాలి. ఐటీలో మీవారి అనుభవానికి అది కుదిరింది. ఫిలిపినోలో రాసే పనికో, దిద్దే పనికో మనీలాలో మనుషులు దొరకలేదని ఏ కంపెనీ చెప్పగలదు? కాబట్టి ఈ డిగ్రీకి విలువ ఫిలిప్పీన్స్ బయటే ఎక్కువ. అమెరికా ఇళ్లలో ఇంగ్లిష్, స్పానిష్, చైనీస్ తర్వాత ఎక్కువగా వినిపించే భాషల్లో తగలోగ్, అంటే ఫిలిపినోకు మూలమైన భాష, ఒకటి. అక్కడ కోర్టులకు, ఆస్పత్రులకు దుబాసీలు కావాలి. హవాయి యూనివర్సిటీలో, టోక్యో, ఒసాకాల్లో ఈ భాష డిగ్రీ స్థాయిలో చెబుతున్నారు. తెలుగు, ఇంగ్లిష్, ఫిలిపినో మూడూ బాగా వచ్చినవాళ్లు అరుదు కూడా. కానీ ఆ పనులకు బీఏ ఒక్కటే సరిపోదు. అనువాదంలోనో భాషాశాస్త్రంలోనో పీజీ, లేదా దుబాసీ సర్టిఫికెట్ ఉండాలి.

అందుకే మీ 24 లక్షలను ఈ డిగ్రీకి వాడొద్దంటున్నాను. 13 లక్షలు నాలుగేళ్ల డిపాజిట్‌లో ఉంచండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా 16 లక్షలు దాటుతుంది. అది ఆమె రెండో చదువు డబ్బు. నర్సింగ్ చదివినా బయట దేశాల పరీక్షలకు విడిగా ఖర్చు ఉంటుందని మీవారికి చెప్పండి. పైగా ఇష్టం లేని కోర్సు మధ్యలో మానేస్తే కట్టిన ఫీజు తిరిగి రాదు.

మిగిలిన 11 లక్షలు వీసా చిక్కు వస్తే ఆదుకోవడానికి. మీ అమ్మాయి ఇప్పుడు ఉంటున్నది తండ్రి వర్క్ వీసా మీద. 21 నిండితే డిపెండెంట్‌గా ఉండే వీలు పోతుంది, అది సరిగ్గా కోర్సు మధ్యలో వస్తుంది. అప్పుడు స్టూడెంట్ వీసాకు మారాలి. ఈలోపు మీవారి ఉద్యోగం పోయినా అదే పరిస్థితి. మీరు ఇండియాకు వచ్చేసి ఆమె ఒక్కతే అక్కడ ఉండాల్సి వస్తే నెలకు 20 వేల పెసోలు, అంటే 30 వేల రూపాయలు అనుకోండి. ఫీజు కలిపితే ఏడాదికి 5 లక్షల 40 వేలు. చివరి రెండేళ్లకు 10 లక్షల 80 వేలు. ఆ 11 లక్షలు ఏడాది, రెండేళ్ల డిపాజిట్లుగా విడగొట్టండి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ రాదు, అది గుర్తుంచుకోండి.

మీరు తిరిగి వచ్చేస్తే ఆ ఖాతాలను రెసిడెంట్ ఖాతాలుగా మార్చుకోవాలి, వడ్డీ మీద పన్ను మినహాయింపు పోతుంది. డబ్బు పంపడానికి మాత్రం టెన్షన్ వద్దు. ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది, మీ ఖర్చు అందులో దాదాపు సగమే.

మీ ఉత్తరంలో ఇన్సూరెన్స్ ఊసే లేదు. ఇంట్లో సంపాదించేది ఒక్కరే అయినప్పుడు కంపెనీ ఇచ్చే కవర్‌ను నమ్ముకోకూడదు, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. అమ్మాయి అడ్మిషన్ ఫీజు కట్టేలోపు మీవారి పేరున ఒక కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. విదేశంలో ఉంటున్నట్టు దరఖాస్తులో తప్పకుండా రాయండి.