జెట్టి ఉండగా ఇన్ని తిప్పలా?

సందేహం: మంగోలియా ఫ్రీస్టైల్ రెజ్లర్ ఖోర్లోగీన్ బయన్‌మోంఖ్ మీద వచ్చిన ఒక వ్యాసంలో ఆయన్ని ఓచోట వస్తాదు అనీ, ఓచోట పహిల్వాన్ అనీ, ఇంకోచోట మల్లయోధుడు అనీ రాశారు. వస్తాదు అంటే గురువు కదా? వీటిలో ఏది సరైనది?
– ఒక పాఠకుడు

సమాధానం: మూడూ తప్పు కావు. మూడు మాటలు తిరగేసిన ఆ వ్యాసకర్తకు నాలుగోది, జెట్టి, గుర్తు రాకపోవడమే నా బాధ.

ఉస్తాద్ నుంచి వచ్చిన వస్తాదుకు మొదట గురువనే అర్థం. తాలింఖానాలో నేర్పేవాడి పేరు తెలుగులో కుస్తీ పట్టేవాడికీ అంటుకుంది. పహిల్వాన్ పారసీకం, మల్లుడు సంస్కృతం.

జెట్టి కథ వేరు. దీన్ని జ్యేష్ఠ శబ్దంతో ముడిపెడతారు. శ్రేష్ఠి శెట్టి అయిన దారిలోనే జ్యేష్ఠి జెట్టి అయిందంటే కాదనడం కష్టం. గుజరాతులో జ్యేష్ఠిమల్లులు ఉండనే ఉన్నారు. మైసూరు దసరాల్లో వజ్రముష్టి, అంటే పిడికిలికి ఆయుధం తొడుక్కుని చేసే కుస్తీ, పట్టేది జెట్టీలే. ఇక కృష్ణదేవరాయలు! తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకుని, కసరత్తు చేసి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడని పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. ఆ మల్లుడు జెట్టే అయి ఉంటాడని నా ఊహ. (రాయల వారి పద్ధతిలో నూనె రాసుకుని వస్తే నేటి ఫ్రీస్టైల్ రెఫరీ మ్యాట్ ఎక్కనివ్వడు.)

మరి బయన్‌మోంఖ్ జెట్టి అవునా? 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో వంద కిలోలు దాటినవారి తరగతిలో రజతం తెచ్చుకున్నాడు. ఆయన్ని ఓడించిన సోవియట్ మల్లుడు అలెగ్జాండర్ మెద్వేద్ వంగి మ్యాట్‌ను ముద్దాడి ఆటకు సెలవు పెట్టాడు. మెద్వేద్ అంటే రష్యన్‌లో ఎలుగుబంటి, అంటే తేనె తినేది. అందులో మన ‘మధు’ చుట్టరికం ఉంది గానీ ఆ జోలికి ఇప్పుడు పోను. మూడేళ్లకు, 1975లో, ఆ మెద్వేద్ అప్పట్లో ఉంటున్న మిన్స్క్‌లోనే బయన్‌మోంఖ్ 100 కిలోల తరగతిలో ప్రపంచ పోటీ గెలిచాడు. ఇంటిదగ్గర, మంగోలియా జాతీయ పండుగ నాదమ్‌లో, బరువు తరగతులే లేని వారి సంప్రదాయ కుస్తీ బోఖ్‌ను పదిసార్లు గెలిచాడు. అక్కడి బిరుదుల్లో ఏనుగు, సింహం ఉన్నాయి, గరుడుడూ ఉన్నాడు. ఆ గరుడుడు మనవాడే, బౌద్ధంతో పాటు వెళ్లాడు. అన్నట్టు, ఖోర్లో బయన్‌మోంఖ్ తండ్రి పేరు. ‘ఖోర్లోగీన్ గెలిచాడు’ అని రాస్తే పెద్దాయన్ని గోదాలోకి దింపినట్టే.

ప్రపంచ పోటీ గెలిచినవాడికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట జగజెట్టి. దాన్ని ఏం చేశామండీ మనం? వార్డు ఎన్నికల్లో నెగ్గినవాడి ఫ్లెక్సీకి ఇచ్చేశాం. గోదా మొహం చూడనివాడు జగజెట్టి, మిన్స్క్‌లో గెలిచినవాడు మాత్రం ‘వరల్డ్ ఛాంపియన్’!

జెట్టి అన్నంత మాత్రాన ఫ్రీస్టైలో, నడుము కింద పట్టు పట్టకూడని గ్రీకో రోమనో తేలదు, నిజమే. కాబట్టి ఫలితాల పట్టికలో రెజ్లర్ అనే ఉంచుకోండి. కథ చెప్పేటప్పుడు మ్యూనిక్ దాకా జెట్టి, మిన్స్క్ నుంచి జగజెట్టి అంటే నా చెవికి బాగుంటుంది. వస్తాదును ఆయనకు పట్లు నేర్పినవారికి దాచిపెట్టండి. ఆయనకే వాడినా నేను తప్పు పట్టను.