షెడ్డులో ఇరుక్కున్న ట్రాక్టరు: మెకానిక్ బండి ఆపుకోవచ్చా?

సందేహం: సార్, మాది చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలం. 2019లో పలమనేరు దగ్గర ఒకాయన వద్ద 1996 మోడల్ ట్రాక్టరు కొన్నాను. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మార్చిలో నీలం పొగ వస్తోందని చిత్తూరులో ఒక షెడ్డుకు తీసుకెళ్తే ఇంజిన్ బోరుకొచ్చిందని, అంటే సిలిండర్లు అరిగిపోయాయని, మొత్తం విప్పి కట్టాడు. బిల్లు 82 వేలు. 50 వేలు ఇచ్చాను. మిగతాది మామిడికాయల డబ్బులొచ్చాక ఇద్దువులే అన్నాడు, ఆ వాయిస్ వాట్సాప్‌లో ఉంది. ఇంటికి తెచ్చిన మూడో వారం దున్నుతుంటే ఇంజిన్ పట్టేసింది. రేడియేటర్ గొట్టం కొంచెం కారుతుంటే ట్యూబు ముక్క కట్టి నడిపిన మాట నిజమే. మళ్లీ అదే షెడ్డుకు లాక్కెళ్లాం. ఇంజిన్ విప్పి పెట్టాడు, ఇంకా కట్టలేదు. పాత 32 వేలు, కొత్త రిపేరుకు 31 వేలు, రోజుకు 200 చొప్పున స్థలం బాడుగ ఇస్తేనే బండి అంటున్నాడు. ఆర్నెల్లలో కట్టకపోతే అమ్మేస్తాడంట. సొంత బండే కదా, రాత్రికి నలుగురం వెళ్లి లాక్కొచ్చేద్దామంటున్నాడు మా బామ్మర్ది. ఏం చేయమంటారు?

సలహా: ముందు మీ బామ్మర్దిని ఆపండి. సొంత వస్తువును సొంతదారే దొంగిలించడం ఏమిటని మీకు నవ్వు రావచ్చు కానీ, మన చట్టంలో అది ఉంది. 1860 నాటి పాత శిక్షాస్మృతిలో దొంగతనాన్ని వివరిస్తూ ఒక గడియారం కథ చెప్పారు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ అదే ఉంది. గడియారం బాగు చేయించుకున్న మనిషి కూలి డబ్బు బాకీ ఉన్నాడు, ఆ బాకీ కింద దుకాణదారు గడియారాన్ని న్యాయంగానే ఆపుకున్నాడు, అలాంటప్పుడు ఆ హామీని పోగొట్టాలని సొంతదారే దాన్ని పట్టుకుపోతే అది దొంగతనం. అదే గడియారానికి ఇంకో కథ కూడా ఉంది. బాకీ ఏమీ లేకుండా దుకాణదారు ఆపుకుంటే, సొంతదారు బహిరంగంగా లోపలికెళ్లి చేతిలోంచి లాక్కున్నా అది దొంగతనం కాదు, కాకపోతే అక్రమ ప్రవేశం, దౌర్జన్యం కేసులు మాత్రం రావచ్చు. మీది ఈ రెండు కథల్లో దేనికి దగ్గరో ఎస్ఐ గారు అర్ధరాత్రి షెడ్డు గేటు దగ్గర నిలబడి తేల్చరు కదా. ముందు ఎఫ్ఐఆర్ రాసేస్తారు, మిగతాది మీరు కోర్టులో చెప్పుకోవాలి.

ఇక అసలు సంగతి. మెకానిక్‌కు బండి ఆపుకునే హక్కు ఉందా అంటే, ఉంది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చింది. పనితనం, శ్రమ పెట్టి మీ వస్తువును బాగు చేసినవాడు తన కూలి అందేదాకా ఆ వస్తువును దగ్గర పెట్టుకోవచ్చు. చాలామంది మెకానిక్‌లకు ఈ ముక్క ఎక్కడో చెవిన పడి ఉంటుంది. ఆ సెక్షన్‌కు ఉన్న హద్దులు మాత్రం ఎవరూ చెప్పరు. మీకు పనికొచ్చేవి ఆ హద్దులే.

పాత 32 వేలు చూద్దాం. ఆ సెక్షన్ కిందే ఒక దర్జీ ఉదాహరణ ఉంది. కోటు కుట్టగానే ఇస్తాను, డబ్బులు మూడు నెలల తర్వాత ఇద్దువు అని ఒప్పుకున్న దర్జీకి కోటు ఆపుకునే హక్కు లేదు. మామిడికాయల డబ్బులొచ్చాక ఇద్దువులే అన్న మీ మెకానిక్ సరిగ్గా ఆ దర్జీయే. దానికి తోడు ఆ రిపేరు అయ్యాక బండిని మీ చేతికి ఇచ్చి పంపించేశాడు. బండి ఒకసారి షెడ్డు గేటు దాటి మీ ఇంటికి చేరిందంటే, ఆ బిల్లు కింద పట్టుకునే హక్కు అక్కడితో పోయింది. వేరే పనికి బండి మళ్లీ వచ్చింది కదా అని పాత బాకీకి ఇప్పుడు బిగించుకోవడం కుదరదు. అంతమాత్రాన 32 వేలు ఎగ్గొట్టొచ్చని కాదు, బాకీ బాకీగానే ఉంది, కావాలంటే ఆయన దావా వేసుకుంటాడు, మూడేళ్ల గడువు ఉంది. కాయలు ఫ్యాక్టరీకి తోలి డబ్బులు చేతికొచ్చి ఉంటే మాత్రం మీరు కూడా కొంచెం న్యాయంగా ఆలోచించండి. కనీసం కొంత కట్టి రసీదు తీసుకుంటే రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ మాటకు బరువు ఉంటుంది.

కొత్త 31 వేలు ఇంకా చేయని పనికి అడుగుతున్నాడు. చేయని పనికి కూలి లేదు, కూలి లేనిచోట ఆపుకునే హక్కూ లేదు. మీరు ఒప్పుకుని విప్పమన్నందుకు విప్పిన కూలి అడిగితే అది వేరు, అది చిన్న మొత్తం, ఇచ్చేయండి. రోజుకు 200 బాడుగ సంగతి ముందుగా మాట్లాడుకున్నారా? లేదు కదా. తన డబ్బు కోసం తానే ఆపుకుని, ఆపుకున్నందుకు మళ్లీ మీ దగ్గర బాడుగ వసూలు చేయడం చెల్లదు. అమ్మేస్తాననడం వట్టి బెదిరింపు. కుదువ పెట్టుకున్నవాడికి నోటీసు ఇచ్చి అమ్ముకునే వీలుంటుంది గానీ రిపేరు చేసినవాడికి 170 కింద ఆపుకునే హక్కే తప్ప అమ్ముకునే హక్కు లేదు. అమ్మితే ఆయన మీదే నమ్మకద్రోహం కేసు అవుతుంది. బండి ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకునే బాధ్యత కూడా ఆయనదే, 151వ సెక్షన్ చెప్పేది అదే. అందుకే బ్యాటరీ, టైర్లు, డైనమో నంబర్లు కనబడేలా ఇప్పుడే ఫొటోలు తీసి పెట్టుకోండి. షెడ్లలో కొత్త బ్యాటరీలు పాతవైపోవడం మీకు తెలియంది కాదు.

ఇప్పటిదాకా మీకు అనుకూలంగానే చెప్పాను. మీ ఉత్తరంలో ఆ ట్యూబు ముక్క లైను దగ్గర మాత్రం ఆగిపోయాను. నిజం రాసినందుకు మెచ్చుకోవాలి, కానీ మెకానిక్ తరఫు లాయరుకు అదొక్కటి చాలు. కొత్తగా కట్టిన ఇంజిన్‌ను నీళ్లు కారుతుండగా, అదీ దుక్కి లోడులో నడిపితే పట్టేయక ఏమవుతుంది అంటాడు. కాబట్టి ఇంజిన్ ఎందుకు పట్టేసిందో తేలడమే కేసుకు ప్రాణం. నీళ్లు లేక వేడెక్కిపోతే పిస్టన్లు, అవి ఆడే గొట్టాలైన లైనర్లు గీరుకుపోతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆయిల్ పంపు సరిగ్గా అందించకపోతే ముందు క్రాంక్ బేరింగులు కాలి అరుగుతాయి. బోరు పనిలో పిస్టన్‌కూ లైనర్‌కూ మధ్య సందు తక్కువ పెడితే ఇంకో రకంగా ఉంటుంది. ఈ ఆనవాళ్లన్నీ ఇప్పుడు ఆ విప్పిన సామాన్లలోనే ఉన్నాయి, ఆయన వాటిని తూకానికి వేసేశాడంటే మీ కేసు కూడా వాటితోనే తూకానికి పోయినట్టు. మీకు సంబంధం లేని ఇంకో అనుభవమున్న మెకానిక్‌ను తీసుకెళ్లి చూపించండి, ఒక్కో భాగం ఫొటోలు, వీడియో తీయించండి, ఆయన చూసింది రాసి సంతకం పెట్టించుకోండి. లోపలికి రానివ్వకపోతే, రానివ్వలేదన్న సంగతే నోటీసులో రాయండి.

నోటీసు అంటే భయపడక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో మీరే రాయొచ్చు. ఏ తేదీన ఎంత ఇచ్చారు, ఎప్పుడు పట్టేసింది, విప్పిన పాత సామాన్లు పారేయకూడదని, 15 రోజుల్లో బండి ఇవ్వాలని లేదా ఉచితంగా సరిచేయాలని రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈలోపు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా ఫోన్ చేయండి, కొన్నిసార్లు అక్కడి నుంచి ఒక్క కాల్ వస్తేనే మనుషులు దిగొస్తారు. దిగిరాకపోతే చిత్తూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివాసముండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు. ఫిర్యాదుతో పాటే మధ్యంతర ఉత్తర్వు అడగండి. వివాదంలో ఉన్న డబ్బు కమిషన్ దగ్గర డిపాజిట్ చేస్తాను, బండి ఇప్పించండి అని. కేసు తేలేదాకా ఆగితే ఈ ఏడు చెనిక్కాయ విత్తనం పోయినట్టే కదా. అంత ఓపిక కూడా లేకపోతే అడిగినంతా కట్టేసి, బిల్లు మీదనే అభ్యంతరంతో చెల్లిస్తున్నానని రాసి, బండి తెచ్చుకుని తర్వాత ఆ డబ్బు కోసం ఫిర్యాదు వేయడం ఒక దారి. నాకు అంతగా నచ్చని దారే అయినా సీజన్‌లో రైతులు ఎక్కువగా పట్టేది అదే.

ఒక్క విషయం మీరు రాయలేదు. ఊళ్లో బాడుగ దుక్కులకు తోలుతారా? సొంత పొలంతో పాటు మీరే నడుపుకుంటూ జీవనం కోసం నాలుగు ఎకరాలు దున్నితే పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు, కమిషన్లు బండిని ప్రధానంగా దేనికి వాడుతున్నారో చూస్తాయి. డ్రైవర్లను పెట్టి రెండు మూడు బండ్లు తిప్పుతుంటే మాత్రం ఇది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు అనే అభ్యంతరం వస్తుంది. అప్పుడు సివిల్ కోర్టుకో లోక్ అదాలత్‌కో వెళ్లాలి. నిజానికి ఈ పాటి తగవుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇచ్చి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టమనడం నాకు మేలనిపిస్తుంది. ఖర్చు లేదు, అక్కడ రాజీ రాసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం.

ఆర్‌సీ మీ పేరు మీద లేకపోయినా ఈ ఫిర్యాదుకు అడ్డు కాదు, డబ్బిచ్చి పని చేయించుకుంది మీరు. కానీ 2019 నుంచి అలా వదిలేయడం ఏమిటండీ! కొన్నవాడు 30 రోజుల్లో మార్పించుకోవాలి. రేపు రోడ్డు మీద ఏదైనా జరిగితే పరిహారం నోటీసు ఆర్‌సీలో పేరున్న పలమనేరు ఆయనకు వెళ్తుంది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగానే చెప్పింది, అప్పుడు ఆయన మీ మీద పడతాడు. ఆర్‌సీ పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు ఇప్పుడే తీసుకోండి, మనిషి ఉన్నప్పుడే సులువు. 1996 బండి అంటే మొదటి 15 ఏళ్లు 2011తో అయిపోయాయి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అది, ఇన్సూరెన్సు ఎక్కడ ఆగాయో కూడా చూడండి.

షెడ్డుకు పగటిపూట వెళ్లండి. బామ్మర్దిని సాక్షిగా తీసుకెళ్లొచ్చు, వీడియో తీసే పని ఆయనకు అప్పగిస్తే చేతులు ఖాళీగా ఉండవు.