97.98 ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: డిప్లొమా మెకానికల్ పూర్తిచేసి ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో చేరాను. ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక బేరింగ్ బ్రాకెట్‌ను త్రీడీలో తయారుచేశాను. మిల్లింగ్ అతనికి ఇవ్వడానికి మామూలు డ్రాయింగ్ కావాలన్నారు మా ఓనరుగారు. త్రీడీ మోడల్ నుంచి చదునైన బొమ్మ తీసే ఫ్లాట్‌షాట్ కమాండ్ కొడితే బొమ్మ చక్కగానే వచ్చింది. కానీ 120 మిల్లీమీటర్ల బేస్ ప్లేటుకు డైమెన్షన్ పెడితే 97.98 చూపిస్తోంది. మోడల్‌లో కొలిస్తే మాత్రం 120 ఉంది. డైమెన్షన్ టెక్స్ట్ మార్చి 120 అని టైపు చేసి ఇచ్చేయమంటున్నారు మా సీనియర్. అలా చేయవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ మాట మాత్రం వినకండమ్మా. ఒక్క డైమెన్షన్ దిద్దితే, దాని పక్కనున్న పది తప్పుగానే ఉండిపోతాయి.

మీరు రాసిన అంకె చూడగానే నాకు నవ్వొచ్చింది. 97.98ని 120తో భాగించి చూడండి, 0.8165 వస్తుంది. డిప్లొమా మొదటి ఏడాదిలో 45 డిగ్రీల గీత ఒకటి, 30 డిగ్రీల గీత ఒకటి గీసి ఐసోమెట్రిక్ స్కేల్ తయారుచేసి ఉంటారు, గుర్తుందా? ఆ స్కేలు ఇదే. అంటే మీరు మోడల్‌ను ఐసోమెట్రిక్ వ్యూలో, మూల నుంచి చూస్తే మూడు ముఖాలూ కనిపించేలా, పెట్టుకుని ఫ్లాట్‌షాట్ కొట్టారు. అలా వాల్చి చూస్తే కొలతలు కురచవుతాయి. బేరింగ్ కూర్చునే రంధ్రం కూడా కోడిగుడ్డులా వచ్చి ఉండాలి, చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. మీరు ఎటు నుంచి చూస్తున్నారో అటు నుంచి కనిపించే అంచులను అది ఒక పలక మీదకు దించుతుంది, అంతే. నోటు పుస్తకాన్ని ఎండలో గోడకు సమాంతరంగా పట్టుకున్నప్పుడు నీడ ఎంత ఉందో చూడండి. కాస్త వాల్చి పట్టుకుంటే అదే నీడ కురచవుతుంది. మేం డ్రాఫ్టరు మీద గీసే రోజుల్లో ఈ చిక్కు రాలేదు. ముందు ప్లాను (పై నుంచి చూసిన బొమ్మ), ఎలివేషను (ఎదురు నుంచి చూసినది) ఉంటేనే ఐసోమెట్రిక్ గీయగలిగేవాళ్లం. ఇప్పుడు వరస తిరగబడింది, మోడల్ ముందు పుడుతోంది.

మీరు చేయాల్సింది ఇది. మొదట పెర్‌స్పెక్టివ్ ఆపి, ఫ్రంట్ వ్యూకు వెళ్లండి. తర్వాత యూసీఎస్ (మనం తిప్పుకోగలిగే అక్షాల చట్రం) కమాండ్‌లో 'వ్యూ' ఎంచుకోండి. చాలామంది మరిచిపోయేది ఈ రెండోదే. ఫ్లాట్‌షాట్ ఇచ్చే బ్లాక్ ఎప్పుడూ అప్పుడున్న యూసీఎస్ ఎక్స్‌వై తలం మీదే పడుతుంది. ఆ తలం మీకు ఎదురుగా లేకపోతే బొమ్మ ఒక గీతలా కనిపిస్తుంది, కమాండ్ పనిచేయలేదని మీరు మళ్లీ మళ్లీ కొడుతూ కూర్చుంటారు. టాప్ వ్యూకూ, సైడ్ వ్యూకూ ఇదే పద్ధతి. కనబడని అంచులకు హిడెన్ లైన్‌టైప్ (తెగిన గీత) పెట్టుకోండి, అది ముందే లోడ్ చేసి ఉండాలి. బోల్టులూ నట్లూ డ్రాయింగ్‌లో అక్కర్లేదనుకుంటే వాటి లేయర్ ఫ్రీజ్ చేయండి, లేదంటే కనిపించే ఘనాలన్నీ బొమ్మలోకి వచ్చేస్తాయి. ఇక షీటు మీద అమర్చేటప్పుడు మన ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో ఎలివేషన్ కింద ప్లాను, ఎడమ నుంచి చూసింది కుడి పక్కన.

మీరు గీసిన ఐసోమెట్రిక్ బొమ్మ పారేయకండి. డైమెన్షన్లు లేకుండా షీటు మూలలో పెట్టండి, మిల్లింగ్ అతనికి అదే ఎక్కువ ఉపయోగం.

అయితే ఫ్లాట్‌షాట్‌కు ఒక జబ్బుంది. అది తీసిన క్షణంలో మోడల్ ఎలా ఉందో అలాగే నిలిచిపోతుంది. ఈ పాఠం నాకు బాలానగర్‌లో ఒక టూల్ రూములో పనిచేసినప్పుడు తలకెక్కింది. ఫిక్చర్ ప్లేటులో 12 మిల్లీమీటర్ల రంధ్రాన్ని కస్టమర్ 14 చేయమన్నాడు. నేను మోడల్‌లో మార్చాను, ఫ్లాట్‌షాట్ మళ్లీ తీయలేదు. పాత డ్రాయింగే షాపులోకి వెళ్లింది. నలభై ప్లేట్లకు 12 మిల్లీమీటర్ల రంధ్రాలే పడ్డాయి. రంధ్రం చిన్నదై బతికిపోయాం, మళ్లీ డ్రిల్ వేసి సరిచేశాం. అదే 14 కాస్తా 12 కావాల్సి ఉంటే మొత్తం తుక్కే. ఫోర్‌మన్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అందుకే మోడల్ ఇంకా మారే అవకాశం ఉంటే లేఅవుట్‌లో (షీటు అమర్చుకునే పేజీలో) వ్యూబేస్ కమాండ్ వాడండి. ఆటోక్యాడ్ 2012 నుంచి ఉంది. మోడల్ మారితే వ్యూలు వాటంతట అవే మారతాయి. తొలి వ్యూ పెట్టకముందే వ్యూఎస్‌టీడీ కమాండ్‌లో ఫస్ట్ యాంగిల్ ఎంచారో లేదో చూసుకోండి. అమెరికా కస్టమరైతే థర్డ్ యాంగిల్ అడుగుతారు, అందులో ప్లాను ఎలివేషన్ పైన ఉంటుంది. పొరపాటున ఒకదాని బదులు ఇంకొకటి పెడితే ఎడమ చేతి బ్రాకెట్ కుడి చేతిదై కూర్చుంటుంది.

ప్రశ్న: 2 మిల్లీమీటర్ల షీటుతో ఎల్ ఆకారపు బ్రాకెట్ మోడల్ చేశాను. బయటి కొలతలు 50, 30. లేజర్ కటింగ్‌కు ఫ్లాట్ డ్రాయింగ్ కావాలి. ఫ్లాట్‌షాట్ సరిపోతుందా? పొడవు 80 ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: రెండింటికీ కాదనే నా జవాబు. ఫ్లాట్‌షాట్ వంగిన వస్తువు నీడను ఇస్తుంది. మీకు కావాల్సింది వంపు విప్పితే వచ్చే రేకు, షాపుల్లో డెవలప్‌మెంట్ అంటారే, అది.

వంపు దగ్గర రేకు లోపలి వైపు నలుగుతుంది, బయటి వైపు సాగుతుంది. మధ్యలో ఎక్కడో పొడవు మారని పొర ఒకటి ఉంటుంది. లోపలి అంచు నుంచి అది మందంలో ఎంత వంతు దూరంలో ఉందో చెప్పేదే కె ఫ్యాక్టర్. లోపలి రేడియస్ 2, కె 0.42 అనుకుందాం. మందం 2లో 0.42 వంతు అంటే 0.84. అప్పుడు 90 డిగ్రీల వంపులో రేకు పొడవు 1.571 (పైలో సగం) × (2 + 0.84), అంటే 4.46. బయటి కొలతల్లోంచి మందం 2, రేడియస్ 2 తీసేస్తే ఇటు తిన్నటి ముక్క 46, అటు 26. మొత్తం 76.46. మీరు 80 కోసి ఉంటే మూడున్నర మిల్లీమీటర్లు ఎక్కువయ్యేది.

నేను రాసిన 0.42 చూసి అదే వాడేయకండి. రేకునుబట్టి, డైనిబట్టి మారుతుంది. 100 పొడవున్న ముక్క ఒకటి మీ బెండింగ్ మెషిన్ మీదే 90కి వంచండి. రెండు కాళ్లనూ బయటి నుంచి కొలిచి కూడండి. 100 మీద ఎంత ఎక్కువ వచ్చిందో, అంత మీ 80లోంచి తీసేయండి. ఆ అంకెను మెషిన్ మీదే పెయింటుతో రాసిపెట్టుకున్న షాపులు నేను చూశాను.