డిగ్రీ పిల్లలకు ప్రపంచాన్ని చెప్పాలంటే తలనీలాల దగ్గర మొదలుపెట్టండి

"డిగ్రీలో అన్ని గ్రూపులకూ కామన్‌గా ఉండే సబ్జెక్టుల్లో ప్రపంచ విషయాలు ఎలా నేర్పాలి? దానికి విడిగా ఒక పేపర్ పెట్టాలా?" అని కొందరు నన్ను అడిగారు. పెట్టకూడదు. తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. చరిత్ర తీసుకునే పిల్లలు తగ్గిపోయాక బీకాం, బీఎస్సీ, బీసీఏ వాళ్లందరికీ కలిపి లైఫ్ స్కిల్ కోర్సులు చెప్పే పని నాకు వచ్చింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

విడిగా పేపర్ పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఐక్యరాజ్యసమితి ఎప్పుడు పుట్టింది, సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు 17 ఏవి, రెండు మార్కుల ప్రశ్నలు, పది మార్కుల ప్రశ్నలు. నెల తిరగకముందే ఆల్ ఇన్ వన్ గైడు వస్తుంది. పరీక్ష ముందు రాత్రి చదివి, బయటికి రాగానే మర్చిపోతారు. అందరికీ తప్పనిసరిగా పెట్టిన పర్యావరణం పేపరుకూ ఇదే జరిగింది కదా.

2022లో ఒక మధ్యాహ్నం క్లాసు చెబుతాను. భోజనం తర్వాతి పీరియడ్, అరవై మంది, సగం మందికి నిద్ర. సిలబస్‌లో సాంస్కృతిక వైవిధ్యం అని ఏదో ఉంది. పుస్తకం మూసేసి, "తిరుమలలో మనం ఇచ్చే తలనీలాలు చివరికి ఎక్కడికి పోతాయి?" అని అడిగాను. వేలం వేస్తారని అందరికీ తెలుసు. విగ్గులకు పోతాయని కొందరికి తెలుసు. ఆ విగ్గు ఎవరి తల మీద ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు.

అప్పుడు 2004 సంగతి చెప్పాను. యూదుల్లో ఆచారం గట్టిగా పాటించే కుటుంబాల్లో పెళ్లయిన ఆడవాళ్లు తమ జుట్టు బయటికి కనిపించనివ్వరు. చాలామంది విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల్లో మన దేశపు జుట్టు చాలా ఉండేది. అది గుడిలో దేవుడికి అర్పించినదైతే తాము వాడొచ్చా అని వాళ్లకు సందేహం వచ్చింది. వాళ్ల మతంలో వేరే దేవుడి పూజలో అర్పించినదాన్ని వాడుకోకూడదు. లండన్ నుంచి ఒక రబ్బీ, అంటే వాళ్ల మతగురువు, తిరుపతి దాకా వచ్చి చూసి వెళ్లారు. ఆ ఏడాది మే నెలలో జెరూసలేంలోని పెద్ద రబ్బీ ఎల్యాషివ్ ఆ విగ్గులు వాడకూడదని తీర్పు చెప్పారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఇజ్రాయెల్‌లో ఆడవాళ్లు వేల రూపాయల విగ్గులు తెచ్చి వీధిలో మంటల్లో వేశారు.

క్లాసులో నిద్ర ఎగిరిపోయింది. ముందు కోపం వచ్చింది. "స్వామి దగ్గర ఇచ్చిన జుట్టు తగలబెడతారా?" అని వెనక బెంచీ అబ్బాయి లేచాడు. నేను ఏమీ అనలేదు. ఇంకో అమ్మాయి, "అసలు మనం స్వామికి జుట్టు ఇస్తున్నామా? నేను అందంగా ఉన్నాననే అహంకారం వదులుకుంటున్నాం కదా. జుట్టు కత్తిరించాక అది చెత్తే" అంది. "చెత్త అయితే తలనీలాలు అని పేరెందుకు? నీలాదేవి స్వామికి ఇచ్చింది కాబట్టే కదా?" అని ఇంకొకరు. అర్పణా, అహంకారం వదలడమా అనే ఈ వాదన రబ్బీల మధ్య కూడా దాదాపు ఇలాగే నడిచింది. మా పిల్లలకు ఆ సంగతి తెలియదు. నేను చెప్పలేదు, వాళ్లే అక్కడికి వెళ్లారు.

చివరి వరసలో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న కల్యాణకట్టలో చేస్తాడు. "మా అవ్వ ఎంగిలి తగిలిన గిన్నెలో నైవేద్యం వండదు మేడమ్. కొత్త గిన్నె అయినా సరే పక్కన పెట్టేస్తుంది. వాళ్లకూ అలాంటిదే అనిపించి ఉంటుంది. మన మీద కోపంతో కాల్చలేదు" అంది. ఆ వెనక బెంచీ అబ్బాయి కూర్చున్నాడు. ఎంగిలి అన్న ఒక్క మాటతో బ్రూక్లిన్ ఆడవాళ్లు ఆ పిల్లలకు అర్థమయ్యారు. మూడు నెలలు పాఠం చెప్పినా నేను ఆ పని చేయలేకపోయేదాన్ని.

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో నన్ను అడిగిన మాట, "ఇది ఏ యూనిట్‌లోది మేడమ్?" సిలబస్ వెనకబడిందని టెన్షన్. ఆ నెలలోనే ఒక విదేశీ యూనివర్సిటీతో ఒప్పందమని గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ ఒప్పందం తర్వాత అక్కడి నుంచి ఒక్క మనిషి కూడా మా క్లాసుల్లో అడుగు పెట్టలేదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. 2021 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. ఇంగ్లీషు రావాలి, కాదనను. కానీ ఆ రోజు వాదనంతా తెలుగులో జరిగింది కాబట్టే జరిగింది. ఆ అమ్మాయి ఎంగిలి గురించి ఇంగ్లీషులో ఎలా రాస్తుంది? అదే విషయం ఇంటర్నల్ పరీక్షలో అడిగితే నాలుగు వాక్యాలు గైడులోవి రాసింది. ఆ పేపర్ దిద్దుతుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అమెరికాలో మయామీ దగ్గర ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ఉంది. 2010 నుంచి అక్కడ ఏ గ్రూపు విద్యార్థి అయినా ప్రపంచ దృష్టితో తయారు చేసిన కోర్సులు కనీసం రెండు చదవాలి. కొత్తగా పెట్టినవి కొన్ని, పాత సబ్జెక్టులనే తిరగరాసినవి కొన్ని. ప్రపంచం ఎలా ముడిపడి ఉందో తెలియడం, ఒకే విషయాన్ని నలుగురి వైపు నుంచి చూడగలగడం, కలిసి ఏదైనా చేయడానికి ముందుకు రావడం, ఈ మూడూ వాళ్లు చూస్తారు. మనకు కావలసింది ఆ తిరగరాయడమే. కొత్త పేరుతో పేపర్ అక్కర్లేదు, విమానం టికెట్లూ అక్కర్లేదు.

మన జిల్లాలో వెతకాల్సిన పనే లేదు. పీలేరు, రాయచోటి వైపు నుంచి వచ్చే పిల్లల్లో అమ్మ కువైట్‌లో ఉన్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కఫీల్ (అక్కడ పనికి పెట్టుకుని పూచీ ఉండే యజమాని), అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) అనే మాటలు వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ పిల్లల్ని కూర్చోబెట్టి వలసల గురించి పుస్తకంలోంచి చదవడం నాకు చేతకాదు. శేషాచలం ఎర్రచందనం ఇక్కడ తప్ప పెద్దగా పెరగదు, కొనేవాళ్లు చైనాలో ఉంటారు. బోటనీ వాళ్లకూ, కామర్స్ వాళ్లకూ కలిపి చెప్పొచ్చు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఎలాగూ ఉంది. ఇప్పుడు అది ఎక్కువగా సర్వే ఫారాలు నింపడమే అయిపోయింది. దాన్ని ఇలాంటి వాటికి వాడుకోవచ్చు.

ఈ సెమిస్టర్‌లో నేను తోతాపురి మామిడిని పాఠంగా తీసుకుంటున్నాను. 2025 వేసవిలో ధర పడిపోయి రైతులు కాయల్ని రోడ్ల మీద పారబోశారు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. ముందు ఏడాది గుజ్జు ఇంకా అమ్ముడుపోక డ్రమ్ముల్లోనే ఉందని ఫ్యాక్టరీల వాళ్లు అన్నారు. ఆ గుజ్జు గల్ఫ్ దేశాలకూ, యూరప్‌కూ కూడా పోతుంది. మా క్లాసులో ఒకబ్బాయి వాళ్ల నాన్న ట్రాక్టరుతో ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు కాచుకున్నాడు. గేటు దగ్గర నుంచి అవతలి దేశంలో ఆ జ్యూస్ తాగే మనిషి దాకా మధ్యలో ఎవరెవరున్నారో పిల్లలే కనుక్కోవాలి, తెలుగులోనే రాయాలి. మార్కులు నేను వేస్తాను, ఏ యూనిటో తర్వాత చూసుకుంటాను. చిత్తూరు, బంగారుపాళ్యం వైపు గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతుల పని చూసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్క పీరియడ్ వచ్చి పిల్లలతో మాట్లాడగలరా? బుధవారం మధ్యాహ్నం అయితే మాకు వీలు.