చెల్లెకు హెచ్‌ఐవీ ఉంది, మా ఇంటికి తెచ్చుకుంటే పిల్లలకు ఏమైనా అవుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చెల్లెకు 31 ఏళ్ళు, బాబుకు ఏడేళ్ళు. బావ బొంబాయి, పుణె వైపు బిల్డింగ్ పనులకు పోయేవాడు, నిరుడు టీబీతో చనిపోయాడు. చెల్లెకు కడుపుతో ఉన్నప్పుడే హెచ్‌ఐవీ అని తెలిసింది. అప్పటి నుంచి నల్లగొండ పెద్దాసుపత్రిలో మందులు తెచ్చుకుంటోంది, బాబుకు లేదని తేలింది. అత్తగారింట్లో 'నువ్వే అంటించినవ్' అని కంచం, గ్లాసు వేరు పెట్టారు. పత్తి ఏరడానికి కూడా ఎవరూ పిలవడం లేదు. బావ పేరు మీదున్న ఎకరంన్నర వాళ్ళే దున్నుకుంటున్నారు. మా ఇంటికి తెచ్చుకుందామంటే నా భార్యకు భయం, మాకూ ఇద్దరు చిన్న పిల్లలు. ఏం చేయాలి?

జవాబు: తెచ్చుకోండి. మీ పిల్లలకు ఏమీ కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూం వాడినా, మేనత్త ఒళ్ళో పడుకున్నా, ఆమెను కుట్టిన దోమే వాళ్ళను కుట్టినా హెచ్‌ఐవీ రాదు. కూరగాయలు కోస్తూ ఆమె వేలు తెగినా ఆ కూర తిన్నవాళ్ళకు రాదు. లైంగిక సంబంధం, రక్తం, తల్లి నుంచి బిడ్డకు, ఇవే దారులు. ఒకరి బ్లేడు ఇంకొకరు వాడకుండా, గాయమైతే కట్టు కట్టుకుంటే చాలు, అది ఏ ఇంట్లోనైనా చేయాల్సిందే కదా. పైగా ఇన్నేళ్ళుగా మందులు మానలేదంటే ఆమె ఒంట్లో వైరస్ బాగా అణిగిపోయి ఉండాలి. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష ఏడాదికోసారి ఉచితంగా చేస్తారు, ఆ రిపోర్టు అడిగి చూడండి. మిల్లీలీటరు రక్తంలో 200 కాపీల లోపు ఉంటే, మందులు అలాగే వేసుకుంటున్నంత కాలం, లైంగికంగా కూడా ఇంకొకరికి అంటదు.

ఇక 'నువ్వే అంటించినవ్' అనే మాట. నేను మా ఓపీలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, విన్న ప్రతిసారీ మనసు మండిపోతుంది. మన దగ్గర గర్భిణులకు హెచ్‌ఐవీ పరీక్ష మామూలుగా చేసేస్తారు. పనికి బొంబాయి పోయిన మగమనిషికి ఎవరు చేస్తారు? అందుకే చాలా ఇళ్ళలో ముందు బయటపడేది కోడలి రిపోర్టే, ముందు తెలిసినావిడే ముందు తెచ్చిందని ఊరంతా తీర్మానించేస్తుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ రిపోర్టు చెప్పదు. నిజానికి మీ చెల్లె అప్పుడే మందులు మొదలుపెట్టడం వల్ల మీ మేనల్లుడు ఈ రోజు బాగున్నాడు, మందులు లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు తల్లి నుంచి వస్తుంది, మందులు వాడితే అది ఐదు లోపే. ఈ లెక్క మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చెప్పండి.

మీ బావ సంగతి కూడా ఒక మాట అనాలి, ఎందుకంటే ఆయన ఒక్కడి కథ కాదది. పాలమూరు, దేవరకొండ వైపు నుంచి గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని పోయినవాళ్ళు రేకుల షెడ్డులో పది మంది మధ్య పడుకుంటారు, హెచ్‌ఐవీ మందుల డబ్బా ఎక్కడ దాస్తారు? ఎవరైనా చూస్తే పని పోతుంది. అందుకని మానేస్తారు, బరువు తగ్గుతారు, టీబీ పట్టుకుంటుంది, మంచాన పడి ఊరికి వస్తారు. అక్కడి నుంచి ఇల్లు కూలడం మొదలు: ఆయన కూలి పోయింది, ఆయన్ని చూసుకోవాలని భార్య కూలి పోయింది, ప్రైవేటు ఆసుపత్రికీ నాటు మందుకీ మూడు రూపాయల వడ్డీకి అప్పు, బర్రెలు అమ్మకం, చివరికి పిల్లల చదువు. హెచ్‌ఐవీ మందులు మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది, ట్రాన్స్‌ఫర్ లెటర్ పట్టుకుపోతే బొంబాయిలో కూడా ఇస్తారు. మందుకు ఖర్చే లేదు, అయినా ఇన్ని ఇళ్ళు అప్పుల పాలవుతున్నాయి, ఎందుకంటే నలుగురికీ తెలుస్తుందన్న భయానికే డబ్బంతా పోతోంది. పక్కూరివాళ్ళు చూస్తారని తన జిల్లా వదిలి హైదరాబాద్ దాకా వచ్చి మందులు తీసుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకునే తల్లులు నాకు తెలుసు.

అందుకే మీ చెల్లెకు గోళీతో పాటు పని కావాలి. పత్తి ఏరొచ్చు, నాట్లు వేయొచ్చు, వంట పనికి పోవచ్చు, డాక్టరుగా నేను చెబుతున్నాను, ఆమె చేయకూడని పని లేదు. హెచ్‌ఐవీ ఉందని పని ఇవ్వకపోవడం, బడిలో పిల్లవాణ్ణి వేరుగా కూర్చోబెట్టడం చట్ట ప్రకారం తప్పు, ఆమె ఒప్పుకోకుండా ఆమె సంగతి నలుగురికీ చెప్పడం కూడా తప్పే. 2017లో చేసిన ఈ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మీరు కూడా ఇంట్లో చెప్పాల్సినవాళ్ళకు మాత్రమే, అదీ చెల్లెను అడిగే చెప్పండి.

భూమి విషయం నానబెట్టకండి. భర్త పేరు మీద పట్టా ఉంటే భార్య, కొడుకు, బతికుంటే ఆయన తల్లి, ముగ్గురూ సమాన వారసులు, విరాసత్‌కు, అంటే వారసుల పేరు మీదికి భూమి మార్పించడానికి, దరఖాస్తు పెట్టించండి. ఆయన వయసు 60 లోపే కాబట్టి రైతు బీమాలో పేరుందా, ఆ 5 లక్షలు నామినీగా ఎవరికి వచ్చాయి అన్నది వ్యవసాయ శాఖ ఆఫీసులో అడగండి. ఆడవాళ్ళకు కోర్టు దగ్గరి న్యాయసేవా సంస్థ లాయర్ని ఉచితంగా ఇస్తుంది, ఫోన్ 15100. ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచే మందులు వాడేవాళ్ళకు ఆసరా పింఛన్ కూడా ఉంది, 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. వస్తోందా? రాకపోతే ఏఆర్‌టీ సెంటర్‌లోనే అడిగితే కాగితాలు ఎలా పెట్టాలో చెబుతారు.

ఆరోగ్యానికి రెండే మాటలు. ఇంట్లో టీబీ మనిషి ఉన్నాడు కాబట్టి ఆమెకూ బాబుకూ టీబీ పరీక్ష వెంటనే చేయించండి, దగ్గు లేకపోయినా సరే. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు మిగతావాళ్ళ కంటే ఆరు రెట్లు ఎక్కువ, ఆ పరీక్ష ఇప్పటిదాకా చేయించుకోకపోతే ఇక ఆలస్యం వద్దు.

మీ భార్య భయాన్ని తప్పు పట్టకండి, ఎవరూ సరిగ్గా చెప్పక వచ్చిన భయం అది. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే పేరు చెప్పకుండానే మాట్లాడొచ్చు. అంతకంటే మంచి పని, ఈసారి మందులకు వెళ్ళేటప్పుడు చెల్లె ఒప్పుకుంటే వదినామరదళ్ళిద్దరినీ కలిపి నల్లగొండ పంపండి, అక్కడి కౌన్సెలర్‌ని ఆవిడ అడగాలనుకున్నవన్నీ ఆవిడనే అడగనివ్వండి. ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమే కాబట్టి ఇద్దరికీ చార్జీ కూడా ఉండదు.